ముందు పాతది పెట్టాలి

బోర్డు మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళు మెట్ల కింద గదంత కొట్టులో కూర్చుని చుట్టుపక్కలవాళ్ళ కంప్యూటర్లన్నీ బాగుచేసిన మనిషి. బాగుచేయడం ఒక ఎత్తు, కబుర్లు ఒక ఎత్తు. పనైపోయినా జనం కదిలేవాళ్ళు కాదు. అదే కొట్టులో, కిటికీ పక్కన స్టూలు వేసుకుని ఆయన భార్య చిరిగిన బట్టలు బాగుచేసేది. అలాగని అది మామూలు కుట్టు కాదు. చిరుగు చుట్టూ ఉన్న దారాల్ని ఒక్కొక్కటిగా సూదితో ఎత్తి, వాటి వరసలోనే కొత్త దారం నేసి, ఎక్కడ చిరిగిందో తొడుక్కున్నవాళ్ళకే తెలియకుండా చేసేది. అందుకని ఆవిడ సూదులమ్మ అయింది.

మొగుడూపెళ్ళాల మధ్య ఒక ఆట ఉండేది. ఆయన మాట మొదలుపెడితే ఆవిడ పూర్తి చేసేది. "ఈ ఫ్యాను ఇలా గోల పెడుతోందంటే..." అని ఆయన అంటే, "దుమ్ము పట్టిందన్నమాట" అని ఆవిడ సూదిలోంచి తలెత్తకుండానే అందించేది. "కాదు, నీ గాలి సోకిందన్నమాట" అనేవాడు ఆయన. తీరా విప్పి చూస్తే దుమ్మే ఉండేది. అయినా సరే, భార్య చెప్పింది ఒప్పుకోవడం ఆయన వంట్లో లేదు. ఆవిడ మూతి తిప్పుకునేది. వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అలా రెండు దశాబ్దాలు గడిచిపోయాయి.

ఆరు నెలల కిందట మేస్త్రికి మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడిచెయ్యి సగం పోయింది, మాట దాదాపుగా మొత్తం పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు, అదే అసలు బాధ. చెప్పాలనుకున్నది లోపల తయారుగా ఉంటుంది, నోటిదాకా వచ్చేసరికి దారి తప్పుతుంది. రాతా అంతే, పెన్ను పట్టుకుంటే అక్షరం గుర్తురాదు. కొట్టు మూసేశారు. సామానంతా పెట్టెల్లో ఇంటికొచ్చి ముందుగది గోడ వెంబడి పేరుకుంది.

వేరే ఊళ్ళో ఉండే మాటల డాక్టరమ్మ వారానికి రెండుసార్లు కంప్యూటర్లో కనబడి ఆయనకు మాటలు నేర్పేది. తెర మీద ఒక పక్క బొమ్మలు, ఒక పక్క ఆవిడ నోరు. పెదాలు ఎలా కదులుతున్నాయో చూసి ఈయన అనాలి. దెబ్బ తిన్నాక ఆయనకు కుడివైపు చూపు కాస్త మందగించింది కాబట్టి ఫోనులాంటి చిన్న తెర పనికిరాదు. నాలుగు నెలల్లో ఒక్కో మాట కూడబలుక్కునే స్థాయికి వచ్చాడు. రెండు మాటలు పక్కపక్కన పడ్డ రోజు సూదులమ్మ పక్కింటికి వెళ్ళి మరీ చెప్పొచ్చింది.

ఆ డాక్టరమ్మ మెత్తని మనిషే గాని, ఒకరోజు మొహమ్మీదే అనేసింది. "అమ్మా, ఏమనుకోకండి. మీరు ఆయన మాటలు తినేస్తున్నారు. ఆయన 'నీ' అనగానే మీరు నీళ్ళ గ్లాసు పట్టుకొస్తే, ఇక ఆయనకి 'ళ్ళు' అనాల్సిన పనేముంది? పది లెక్కపెట్టుకుని ఆగండి." సూదులమ్మకు ఒళ్ళు మండింది. దాహమేసిన మనిషిని నిలబెట్టి పది లెక్కపెట్టడం ఏ శాస్త్రంలో ఉందని ఆ రోజంతా గిన్నెల మీద కోపం చూపించింది. ఆగడం మాత్రం ఆగలేదు.

ఇంతలో కొత్త చిక్కు వచ్చిపడింది. ఆసుపత్రివాళ్ళు ఆ పాఠాల ప్రోగ్రామును మార్చారు. కొత్తది ఈ ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కి మోయలేని బరువైంది. సరిగ్గా డాక్టరమ్మ పెదాలు తెరిచే సమయానికి బొమ్మ ఆగిపోతుంది. మాట ముందొస్తుంది, పెదాలు తర్వాత కదులుతాయి. మేస్త్రి వెనకబడతాడు, తడబడతాడు, మొదటికొస్తాడు. పోయిన గురువారం పాఠం మధ్యలో ఎడంచేత్తో స్విచ్చి నొక్కి కంప్యూటర్ ఆపేశాడు. ఆ తర్వాత రెండు రోజులు నోరే విప్పలేదు. ఉన్న మాటలు కూడా వాడడం మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుందని డాక్టరమ్మ ఫోను చేసి హెచ్చరించింది. సోమవారం పది గంటలకు మళ్ళీ పాఠం. ఆయన ఈసారి కుర్చీలో కూర్చుంటాడో లేదోనని సూదులమ్మకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయనే లేచాడు. పెట్టెల్లో ఎడంచేత్తో చాలాసేపు వెతికి, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి భార్య ముందు పెట్టాడు. అందులో ఒక ప్రాసెసర్, కంప్యూటర్ లెక్కలన్నీ చేసే బిళ్ళ. ఎప్పుడో ఎవరిదో మార్చినప్పుడు మిగిలినది. ఇంట్లో ఉన్న దానికన్నా రెండింతలు చురుకైనది. బొమ్మలు చూపించే పని కూడా అదే చేసుకుంటుంది కాబట్టి వేరే కార్డు అక్కర్లేదు. ఇదంతా ఆయన చెప్పలేదు, డబ్బా మీద ఆయనే ఎప్పుడో అంటించిన చీటీలో ఉంది. ఆయన డబ్బాను చూపించాడు, కంప్యూటర్‌ని చూపించాడు, ఆవిడ చేతుల్ని చూపించాడు.

"నేనా? నేను మార్చాలా?"

తలూపాడు. కళ్ళలో ఎన్నాళ్ళకో వెలుగు కనబడింది. దాంతో ఆవిడకు ఆనందం పట్టలేక చేతులు ఆగలేదు. కంప్యూటర్ పెట్టె బల్ల మీదికి ఎత్తింది.

"ముం... ముందు..." అన్నాడు ఆయన.

"ముందు పక్కరేకు తీయాలి. అంతేగా. ఇన్నేళ్ళు మీ పక్కన గుడ్లప్పగించి చూశాను, ఆమాత్రం తెలీదా నాకు?"

ఆయన అడ్డంగా తలూపి స్విచ్చి వైపు వేలు చూపించాడు.

"ఆపేశాను లెండి. షాకు కొట్టదు. మీరు కంగారుపడి నన్ను కంగారుపెట్టకండి."

ఆయన ఇంకోసారి "ముం" అన్నాడు. అప్పటికే ఆవిడ స్క్రూడ్రైవర్ పట్టుకుంది. ఆయన చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది.

లోపల అన్నిటినీ కలిపే బోర్డు చిన్నది. చవకలో వచ్చేది, కొన్ని ఏళ్ళ నాటిది. మధ్యలో ఫ్యాను, దాని కింద వేడి లాగే అల్యూమినియం దిమ్మ. ఆవిడ ఫ్యాను వైరు ఊడదీసి, పక్కనున్న కొక్కీలు వదులు చేసి, దిమ్మను పట్టుకుని పైకి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కటుక్కుమని ఊడొచ్చింది. దిమ్మకీ ప్రాసెసర్‌కీ మధ్య పూసే జిగురులాంటి ముద్ద ఏళ్ళ తరబడి ఎండి రాయైపోయింది. దాంతో ప్రాసెసర్ దాని గూటిలోంచి లేచి దిమ్మకే అంటుకుని వచ్చేసింది. మేస్త్రి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ చూసుకోలేదు. దిమ్మను బల్లకు ఆనించి, ప్రాసెసర్‌ను అటూ ఇటూ మెలిపెట్టి ఊడదీసి పక్కన పెట్టింది. గూటి పక్కనున్న బిగింపు మీట ఎత్తి, కొత్తదాన్ని మూలనున్న బంగారు గుర్తు చూసుకుని గూటిలో పెట్టింది, మీట దించింది, ముద్ద రాసింది, దిమ్మ బిగించింది. ఇరవై నిమిషాలు పట్టలేదు. తనను తానే మెచ్చుకుంటూ స్విచ్చి వేసింది.

ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

ఆపి మళ్ళీ వేసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, తెర నల్లగానే ఉంది. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. రేపు పది గంటలకు పాఠం. ఆగి ఆగి అయినా వచ్చే బొమ్మ ఇప్పుడు అసలే రాదు. ఆ కంగారులో ఆవిడ వెనక్కి తిరిగి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మొగుణ్ణి చూసి అరిచేసింది.

"అన్నీ తెలుసు కదా మీకు! ఇలా అవుతుందని నోరు తెరిచి ముందే చెప్పొచ్చు కదా!"

మనిషన్నాక నోరు జారుతుంది. కాని జారిన మాట ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి. ఆరు నెలలుగా నోరు తెరవడానికి నానా అవస్థా పడుతున్న మనిషితో ఆవిడ అన్న మాట అది.

మేస్త్రి బల్ల పట్టుకుని లేచి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి వెనక వరండాలో మెట్టు మీద కూర్చున్నాడు.

సూదులమ్మ ఇంకా తిరుగుతున్న కంప్యూటర్‌ను ఆపింది. వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి ఊగుతోంది.

"తప్పయిపోయిందండీ," అంది. "మీరు చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు. ఆ డాక్టరమ్మ అన్నది నిజమే. మీ నోట్లో మాట వెతుక్కుంటుంటే చూడలేక తొందరపడతాను. మీకోసం అనుకుంటాను గాని, నా కోసమే. నాకే ఓపిక లేదు."

చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంకా ఏదో అనబోయి మానేసింది. ఆయన పెదాలు కదులుతున్నాయి.

ఆవిడ పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. నోటిదాకా ఏవేవో వచ్చాయి: మంచినీళ్ళు కావాలా, లోపలికి వెళ్దామా, కోపమా. అన్నీ మింగేసింది. ఆవిడ జీవితంలో అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి. వరండా గోడ మీద ఒక చీమ ఈ చివర బయల్దేరి ఆ చివరకు వెళ్ళిపోయింది.

"పాతది," అన్నాడు ఆయన. ఊపిరి తీసుకున్నాడు. "ముందు... పాతది. పెట్టు."

"పాతదే మళ్ళీ పెట్టాలా?"

తలూపాడు. ఇంకా ఉందన్నట్టు వేలెత్తాడు. మెడ నరాలు బిగిశాయి.

"బోర్డుకి... తెలీదు. కొత్తది. నేర్పాలి."

సూదులమ్మకు నెమ్మదిగా అర్థమైంది. బోర్డు పాతది. అది తయారైన నాటికి ఈ ప్రాసెసర్ పుట్టనే లేదు. అందుకే దాన్ని పెడితే బోర్డు గుర్తుపట్టలేదు, అంతే తప్ప ఏదీ చెడిపోలేదు. దానికి తెలిసిన పాతదాన్ని పెట్టి, కంప్యూటర్ నడిపించి, కంపెనీవాళ్ళు ఇచ్చే కొత్త ప్రోగ్రామును పాఠంలా బోర్డుకు ఎక్కించాలి. ఆ తర్వాతే కొత్తదాన్ని పెట్టాలి. ఆయన మొదటినుంచీ "ముందు" అంటూ స్విచ్చి చూపించింది దానికే. కంప్యూటర్ వేసి ఉంచితే ఆ పాఠమూ ఎక్కేది, ఎండిన ముద్దా వేడికి మెత్తబడేది. మొగుడు చెప్పబోయిన ఒక్క మాటలో అంత సరుకు ఉంది.

లోపలికి వచ్చి పాత ప్రాసెసర్‌ను చేతిలోకి తీసుకుంది. ఈసారి తిప్పి చూసింది. దాని అడుగున వెంట్రుకంత సన్నని కాళ్ళు, వెయ్యికి పైగా, వరసలు తీరి ఉన్నాయి. ఒక మూల నాలుగు కాళ్ళు పక్కకు వాలిపోయి ఉన్నాయి. బల్లకు ఆనించి మెలిపెట్టినప్పుడు వంగిపోయినవి. ఒక్కటి విరిగినా ఇది పనికిరాకపోవచ్చు. ఇది పనిచేయకపోతే బోర్డుకు నేర్పే దారి ఇంట్లో లేదు.

ఆయనకు చూపించింది. దాచలేదు. ఆయన పరీక్షగా చూసి, పెట్టెలోంచి భూతద్దం తీసి, ఎడంచేత్తో ఆ ప్రాసెసర్ మీద పట్టుకున్నాడు. కళ్ళతో ఆవిడ సూదుల డబ్బా వైపు చూశాడు.

అది ఆవిడకు తెలిసిన పని. కిటికీ దగ్గరికి బల్ల జరుపుకుంది. ఉన్నవాటిలో అతి సన్నని సూది తీసి, వరసల మధ్యకు దూర్చి, మొదటి కాలిని కింద నుంచి మెల్లగా ఎత్తింది. ఒక్కసారిగా లేపితే పుటుక్కుమంటుంది. కొంచెం ఎత్తి, ఆగి, ఇంకొంచెం ఎత్తాలి. పట్టుచీరలో తెగబోయే పోగును లేపినట్టే లేపింది. ఆవిడ ఊపిరి బిగబట్టినప్పుడు ఆయనా బిగబట్టాడు. భూతద్దం ఒక్క పిసరు వణికినా "ఆగు" అనేవాడు. ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది. వచ్చినట్టు ఇద్దరూ గమనించలేదు.

మూడు లేచాయి. నాలుగోది బాగా పడుకుంది. సూది తగిలీతగలకుండా పెట్టి ఆవిడ అడిగింది, "దీన్ని ఎటువైపు నుంచి ఎత్తను?" అడిగి ఊరుకుంది. వెలుతురు కాస్త జరిగేదాకా ఊరుకుంది.

"ఎడమ," అన్నాడు. "మెల్లగా. నువ్వు... దూకుడు."

తిట్టు! ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది గాని, సూది చేతిలో ఉందని ఆపుకుంది. నాలుగో కాలు కూడా వరసలోకి వచ్చింది.

గూటిలోంచి కొత్తదాన్ని తీసి పాతది పెట్టారు. నొక్కనవసరం లేకుండా దానంతటదే దిగింది. మీట దించి, ముద్ద రాసి, దిమ్మ బిగించి స్విచ్చి వేస్తే తెర వెలిగింది. సూదులమ్మ దండం పెట్టుకుంది, ఎవరికో ఆవిడకే తెలియదు. ఆయన చూపించిన చోట వెతికి, బోర్డు కంపెనీ పేజీలో ఆయన వేలు పెట్టిన ఫైలునే దించి, పెన్‌డ్రైవ్‌లో వేసింది. ఆ ఫైలు పక్కన ఎర్ర అక్షరాల్లో ఏదో ఉంటే పైకి చదివింది. ఇది ఎక్కించాక పాతరకం ప్రాసెసర్లు ఈ బోర్డు మీద ఇక పనిచేయవు. చవక బోర్డు కదా, దాని బుర్రలో చోటు తక్కువ. కొత్తవి నేర్చుకోవాలంటే పాతవి మరిచిపోవాలి. మధ్యలో కరెంటు పోతే రెండూ ఉండవు.

ఇప్పుడు ఆగిపోతే ఆగి ఆగి వచ్చే బొమ్మయినా మిగులుతుంది. ముందుకెళ్తే వెనక్కి రావడానికి లేదు.

"ఏమంటారు?" అంది. "మీరు ఎలా అంటే అలా. రేపు కూర్చోవలసింది మీరు."

ఆయన తెరను చూశాడు, భార్యను చూశాడు. ఆవిడ ఆయన పెదాల వైపు కూడా చూడలేదు, తొందరపెట్టినట్టు ఉంటుందని. బల్ల మీద పడి ఉన్న సూదుల్ని ఒక్కొక్కటిగా డబ్బాలో పెడుతూ కూర్చుంది. పద్నాలుగు సూదులు. పద్నాలుగూ పెట్టడం అయ్యింది.

"భయం," అన్నాడు. "నాకూ. ...చేద్దాం."

కొట్టులోంచి తెచ్చిన బ్యాటరీ పెట్టెకు కంప్యూటర్ తగిలించి మొదలుపెట్టారు. తెర మీద గీత నత్తలా పాకింది. ఆవిడ ఆయన కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది. గీత చివరకు చేరింది. కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలై, తెర నల్లబడింది. ఎంతసేపు చూసినా నల్లగానే ఉంది. ఆవిడ ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన మాత్రం నవ్వాడు.

"మంచిదే. పాతది... మరిచింది."

ఇక కొత్తదాని పని. "తిప్పు. లాగకు," అన్నాడు దిమ్మ దగ్గర. ఆవిడ బుద్ధిగా తిప్పింది, తడి ముద్ద వదిలింది. కొత్తది పెట్టింది. ముద్దను ఆయనే ఎడంచేత్తో గొట్టంలోంచి పిండి, బఠాణీ గింజంత పెట్టాడు. స్విచ్చి మీద ఆయన వేలు పెట్టించి, దాని మీద తన వేలు పెట్టి నొక్కింది. తెర వెలిగింది. కొత్తదాని పేరు తెల్లటి అక్షరాల్లో పడింది. ఆయన ఆ పేరును మనసులో చదువుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. ఆవిడ మాత్రం చూడలేకపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

సోమవారం తొమ్మిదిన్నరకే ఆయన తెర ముందు కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు తనే పెట్టుకున్నాడు, ఒకటి తప్పుగా. సూదులమ్మ దాన్ని సరిచేయడానికి చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది.

పదింటికి డాక్టరమ్మ వచ్చింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. పెదాలూ మాటా ఒక్కసారే కదిలాయి.

"అరె, ఇవాళ ఎక్కడా ఆగకుండా కనబడుతున్నారే! కంప్యూటర్ మార్చారా? ఎవరు చేశారు?"

సూదులమ్మ నోటిదాకా అంతా వచ్చేసింది. వంగిన కాళ్ళూ, ఎర్ర అక్షరాలూ, పద్నాలుగు సూదులూ. పళ్ళు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరమ్మ కూడా తెరలోంచి ఆయన్నే చూస్తూ ఉంది. గదిలో మళ్ళీ బిగించిన ఫ్యాను ఒక్కటే మెత్తగా తిరుగుతోంది.

"నేను... చెప్పాను," అన్నాడు మేస్త్రి.

మళ్ళీ ఆగాడు. ఎడంచెయ్యి ఎత్తి, భార్య వైపు వేలు చూపించాడు.

"తను... వినలేదు. పాడుచేసింది. మళ్ళీ... తనే... బాగుచేసింది."

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. సూదులమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆరు నెలల తర్వాత మొగుడు పరాయి మనిషి ముందు తన మీద చాడీ చెప్పాడు. అదీ వరసగా, ఒకదాని వెనక ఒకటి, ఎవరూ అందించకుండా. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అన్యాయం కదండీ," అనబోయి ఆగింది.

"ఇంకా... ఉంది," అన్నాడు ఆయన.

సూదులమ్మ స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని కూర్చుంది.